అక్క ఇచ్చిన పాస్‌వర్డ్

మందుల షాపు ముందు క్యూ చిన్నదే. చివర్లో నిలబడ్డ ముసలాయన తొందరపడలేదు. గొడుగు చంకలో పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, తన వంతు రాగానే ప్రిస్క్రిప్షన్ కౌంటర్ మీద పెట్టాడు. షాపతను దాని వంక చూడను కూడా చూడలేదు. లోపలికెళ్ళి ఫ్రిజ్‌లోంచి చిన్న డబ్బా తెచ్చి కవర్లో వేశాడు.

"ఈ చుట్టుపక్కల ఈ మందు వాడేది మీరొక్కరే సార్. మీకోసమే తెప్పిస్తున్నాను. ఇకమీదట స్టాక్ లేదనే మాట ఉండదు లెండి. ఎప్పుడు కావాలో కంప్యూటరే ముందుగా చెప్పేస్తోంది."

"మంచి కాలమే వచ్చింది" అని ముసలాయన నవ్వి మెట్లు దిగాడు.

కింద మోటార్‌సైకిల్ ఇంజిన్ ఆపకుండా ఆగి ఉంది. వెనక కూర్చున్నవాడు హెల్మెట్ తియ్యలేదు. చప్పుడు పెద్దగా రాలేదు. ఏదో టైరు పంక్చరయిందనుకుని షాపతను తల ఎత్తి చూసేసరికి గొడుగు ఒకచోట, కళ్ళజోడు ఒకచోట పడి ఉన్నాయి, ముసలాయన మెట్ల మీద అడ్డంగా పడి ఉన్నాడు. మందు కవరు మాత్రం చేతిలోనే ఉంది. గట్టిగా పట్టుకున్నాడు.

* * *

డిపార్ట్‌మెంట్ చీఫ్‌ని అందరూ ఎదుట 'మేడమ్' అంటారు, చాటున 'పెద్దమ్మ' అంటారు. ఆ పేరు పెట్టినవాడు గౌరవం కొద్దీ పెట్టాడో, గడపలో అడుగు పెడితే అరిష్టమన్న అర్థంలో పెట్టాడో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

ఆమె ఎదురుగా కూర్చున్న ఏజెంటును మాత్రం చాటునా ఎదుటా కూడా 'కునుకు' అనే అంటారు. పుట్టుకతోనే అతని కనురెప్పలు సగం వాలి ఉంటాయి. ప్రమాదం దగ్గరపడితే ఆవలింతలు వస్తాయి. నిద్రముఖం వాడిని ఎవరూ అనుమానించరు. ఆ ముఖంతోనే అతను పదిహేనేళ్ళుగా దేశరక్షణ చేస్తున్నాడు.

"చనిపోయినాయన కెమిస్టు" అంది పెద్దమ్మ. "సరిహద్దు అవతలి విషం ఫ్యాక్టరీలో పనిచేసి, భార్యతో సహా పారిపోయి వచ్చాడు. ఇద్దరూ సాక్షులు. వేరువేరు ఊళ్ళలో, వేరు పేర్లతో దాచాం. అడ్రసులు నాకు తప్ప ఎవరికీ తెలియవు."

"మరి ఎలా దొరికాడు?"

"మందు పట్టించింది." ఆమె స్క్రీన్ మీద ఒక పోస్టర్ చూపించింది. డేటా సైన్స్ సదస్సు. కింద పెద్ద అక్షరాల్లో పోటీ ప్రకటన. "నిరుడు ఇదే సదస్సులో ఒక విదేశీ ఫౌండేషన్ పోటీ పెట్టింది. పేర్లు తీసేసిన మందుల అమ్మకాల రికార్డులు ఇచ్చింది. అరుదుగా అమ్ముడయ్యే మందు మళ్ళీ ఎక్కడ, ఎప్పుడు కావలసి వస్తుందో చెప్పగలిగే కంప్యూటర్ మోడల్ తయారు చెయ్యాలి. షాపుల్లో స్టాక్ ఉంటుంది, రోగులు బతుకుతారు. ఎవరు కాదంటారు? వందలమంది తెలివైనవాళ్ళు పోటీపడి తయారు చేసిపెట్టారు. అరుదైన మందు అంటే అరుదైన మనిషి. ఆ మందు వాడేవాడు ఏ షాపుకి ఎప్పుడొస్తాడో మోడల్ చెప్పేసింది. ఆ ఫౌండేషన్ ముసుగు. వెనకున్నది అవతలివాళ్ళ గూఢచారి ముఠా."

కునుకు ఆవలించాడు. పెద్దమ్మ పట్టించుకోలేదు.

"ఇప్పుడు భార్య వంతు. ఆవిడ మందు వేరు. ఈ ఏడు పోటీ ఆ రకం మందుల మీదే. ఆవిడ తుంటి ఆపరేషన్ అయి మంచం మీద ఉంది. కదిపితే ప్రాణానికి ప్రమాదమంటున్నారు డాక్టర్లు. కదపకపోతే వీళ్ళు చంపుతారు. కాపలా పెడితే చోటు మనమే చూపించినట్టు. సదస్సు చివరి రోజు గెలిచిన మోడల్‌ని తాజా రికార్డుల మీద స్టేజీ మీదే నడుపుతారట."

"ఫౌండేషన్ వాళ్ళని లోపలేస్తే పోలేదా?"

"ఏ సెక్షన్ కింద? లెక్కలు చెయ్యడం నేరం కాదు. మన మనిషి ఒకామె ఫౌండేషన్ లోపల ఉంది. కోడ్ నేమ్ మెరుపు. ఏం చెయ్యాలో ఆమె చెబుతుంది. నీ పని వేరే." పెద్దమ్మ ఇంకో ఫొటో పెట్టింది. నలభై దాటినావిడ, జుట్టు బిగించి కట్టుకుంది, కెమెరా వంక కాక పక్కనున్న వైట్‌బోర్డు వంక చూస్తోంది. "స్టాటిస్టిక్స్ లెక్చరర్. ఈ ఏడు లీడర్‌బోర్డులో మొదటి స్థానం ఆవిడదే. స్నేహం చెయ్యి. లాప్‌టాప్ దాకా వెళ్ళు. మోడల్‌ని చెడగొట్టు."

"ఆవిడకి ఏమీ తెలియదా?"

"తెలియదు. నిరుడు గెలిచింది కూడా ఆవిడే. ఆ గెలుపుతో ఏం జరిగిందో తెలియకుండా ఉండడమే ఆవిడకు మంచిది. మనకు ఇంకా మంచిది."

లిఫ్టులో దిగుతూ కునుకు ఆ ఫొటో గురించే ఆలోచించాడు. వైట్‌బోర్డు మీద ఏం రాసుందో కనిపించలేదు. కానీ ఆవిడ చూపు చూస్తే, కన్నబిడ్డ వంక చూస్తున్నట్టుంది.

* * *

సదస్సు హాలు ముందు గాజు తలుపులు, లోపల పళ్ళు కొట్టుకునేంత చలి, కొత్త తివాచీ వాసన. మెడలో బ్యాడ్జీలు వేలాడదీసుకున్న జనం ఒకరి మొహం కంటే ముందు ఒకరి బ్యాడ్జీ చూస్తున్నారు. కంపెనీ పేరు పెద్దదైతే ఆగుతున్నారు. చిన్నదైతే కాఫీ వైపు నడుస్తున్నారు. కునుకు బ్యాడ్జీ మీద 'అనలిస్ట్, ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్' అని ఉంది. అతని ముందు ఎవరూ ఆగలేదు. డిపార్ట్‌మెంట్ కోరుకున్నదీ అదే.

కళ్ళకి జీరో పవర్ అద్దాలు, చెవిలో కందిగింజంత ఇయర్‌పీస్, కాలర్ లోపల చిన్న మైకు, చొక్కా జేబులో కెమెరా పెన్. మెరుపును గుర్తుపట్టడానికి ఒక కోడ్ వాక్యం ఇచ్చారు: "మీ స్లైడ్స్ తర్వాత షేర్ చేస్తారా?" ఆ వాక్యం ఎంచినవాడు జీవితంలో ఒక్క సదస్సుకూ వెళ్ళి ఉండడు. మొదటి సెషన్ ముగిసేలోపు కునుకు చుట్టూ అదే మాట డజనుమంది అడిగారు. ప్రతిసారీ అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

కాఫీ క్యూలో లెక్చరర్ అతని ముందే నిలబడింది. వెనక్కి తిరిగి అతని ముఖం చూసి నవ్వేసింది.

"రాత్రి నిద్రపోలేదా, పొద్దున సెషన్ నిద్రపుచ్చిందా?"

"రెండూనండి."

"మా తమ్ముడిదీ ఇదే ముఖం. పెళ్ళి పీటల మీద కూడా నిద్రపోతున్నాడనే అనుకున్నారు." అతని బ్యాడ్జీ చదివింది. "ట్రాక్టర్ పార్ట్సా! మంచి సమస్యే. సీజన్‌లో పార్టు దొరక్కపోతే రైతు ఏం చేస్తాడు? రండి, కూర్చుని మాట్లాడుకుందాం."

అంత తేలిగ్గా అయిపోయింది. ఒక మనిషికి దగ్గరవడానికి కునుకుకి నెలలు పట్టిన సందర్భాలున్నాయి. ఈవిడ కాఫీ కప్పు చేతికొచ్చేలోపే 'మీరు' నుంచి 'నువ్వు'కి, 'నువ్వు' నుంచి 'తమ్ముడూ'కి దిగిపోయింది.

ప్రతి ఏడూ సొంత సెలవు పెట్టుకుని, సొంత టికెట్ కొనుక్కుని వస్తుందట. కాలేజీ వాళ్ళకి ఇదంతా అక్కర్లేదు. భర్తకి డేటా అంటే ఫోన్‌లో అయిపోయేదొక్కటే తెలుసు. కూతురు మాత్రం "అమ్మా, ఈసారి కూడా గెలువు" అని రోజూ ఫోన్ చేస్తుంది. ఏ సెషన్‌కి పోవాలో, దేనికి పోతే నిద్రొస్తుందో కునుకుకి ఆమే చెప్పింది. పెద్ద పెద్ద కంపెనీల వాళ్ళకి "మా తమ్ముడు, ట్రాక్టర్ల మీద పనిచేస్తున్నాడు" అని పరిచయం చేసింది.

"కార్డులు పంచిపెట్టడం నెట్‌వర్కింగ్ కాదు తమ్ముడూ. మనిషి దగ్గరకెళ్ళి, మీకు ఇంకా తెగని సమస్య ఏమిటండీ అని అడుగు. రోజంతా నిన్ను వదలడు."

కునుకు చేతిలోని కాఫీ చల్లారిపోయింది. ట్రైనింగ్‌లో అతనికి నేర్పింది అక్షరాలా ఇదే. మనిషిని లొంగదీసుకోవాలంటే ముందు అతని బాధ కనుక్కో. ఆవిడ సాయం చెయ్యడానికి అడుగుతోంది. అతను వాడుకోవడానికి అడగాలి.

అయినా అడిగాడు. "మీకు తెగని సమస్య ఏమిటక్కా?"

ఆవిడ మూత తెరిచిన టిఫిన్ డబ్బాను అతని వైపు జరిపింది.

"మా అమ్మ. ఆవిడకి కావలసిన ఇంజెక్షన్ ఆ రోజు మా ఊళ్ళో ఏ షాపులోనూ లేదు. పక్క ఊళ్ళో ఉంది. ఎవరూ కొనడం లేదు, ఎక్స్‌పైర్ అయిపోతుందని కంపెనీకి వాపసు పంపేశారు. అమ్మ పోయాక తెలిసింది నాకు. ఊళ్ళో మందు లేదు, పక్క ఊళ్ళో మనిషి లేడు. ఇది లెక్కల సమస్యే కదా, ఎందుకు చెయ్యకూడదు అనుకున్నాను. నిరుడు గెలిచినప్పుడు ఏం చేశానో తెలుసా? హోటల్ గదికి పోయి తలుపేసుకుని ఏడ్చాను. సంతోషంతోనే."

కునుకు డబ్బాలోంచి ఒక ముద్ద తిన్నాడు. నీళ్ళు తాగి దించుకున్నాడు.

* * *

సాయంత్రం టీ సమయంలో ఆకుపచ్చ సూటులో ఒకామె జనాన్ని చీల్చుకుంటూ వచ్చింది. సదస్సు యాంకర్ ఆమే, ఫౌండేషన్ ప్రతినిధీ ఆమే. ఆమె నడుస్తుంటే అల్గారిథమ్స్ మీద వాదులాడుకుంటున్నవాళ్ళు కూడా వాక్యాలు మధ్యలో వదిలేశారు.

"మీ స్లైడ్స్ తర్వాత షేర్ చేస్తారా?" అంది కునుకు ముందు ఆగి.

"చేస్తాను. కానీ చివరి స్లైడ్ ఇంకా తడిగా ఉంది."

మెరుపు పెదవి చివర నవ్వింది. కిటికీ దగ్గరకు నడిచారు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి, రాసుకున్నట్టు నటించి, అతని అరచేతిలో పెట్టింది.

"అడుగు తిప్పితే పెన్ డ్రైవ్. ఆవిడ లాప్‌టాప్‌లో ఒక్క నిమిషం ఉంచితే చాలు. మోడల్ పాడైపోతుంది. స్కోరు పడిపోతుంది. ఈ రోజు రాత్రికల్లా మోడల్స్ స్టేజీ మెషీన్‌లోకి అప్‌లోడ్ చెయ్యాలి, ఆలోపే కానివ్వు."

"అందరి ముందూ ఆవిడ పరువు పోతుంది."

"ముసలావిడ ప్రాణం పోవడం కన్నా మేలే కదా?" ఆమె కళ్ళు చల్లగా ఉన్నాయి. "ఈ ఉద్యోగంలో జాలిపడితే జీతం పెరగదు, కునుకూ."

లాప్‌టాప్ దాకా వెళ్ళడానికి ఏ విద్యా అవసరం కాలేదు. లెక్చరర్ అప్పుడే కూతురి ఫోన్ వచ్చి లేచింది.

"తమ్ముడూ, అప్‌లోడ్ అవుతోంది, కాస్త చూస్తూ ఉండు. స్క్రీన్ లాక్ అయిపోతే అప్‌లోడ్ ఆగిపోతుంది. అలా అయితే పాస్‌వర్డ్ కొట్టు, మా అమ్మ పేరు, నేను పుట్టిన సంవత్సరం." అమ్మ పేరు చెప్పి, చెవికి ఫోన్ ఆనించుకుని కారిడార్‌లోకి వెళ్ళిపోయింది.

స్క్రీన్ లాక్ అయింది. కునుకు చనిపోయిన ఆ తల్లి పేరు టైప్ చేశాడు. లిప్‌స్టిక్ అడుగు తిప్పి గుచ్చాడు. కారిడార్‌లోంచి ఆవిడ గొంతు వినిపిస్తోంది: "అన్నం తిన్నావా? నాన్నని మందులు వేసుకోమను. ఆ, ఇక్కడ నాకు ఒక తమ్ముడు దొరికాడు లేవే…"

ఒక్క నిమిషం అంత పొడుగుంటుందని అతనికి అదివరకు తెలియదు.

* * *

చివరి రోజు పొద్దున్నే లెక్చరర్ స్పీకర్ల గదిలోంచి అతన్ని కేకేసింది. గదిలో ఇంకెవరూ లేరు. ఆవిడ ముఖంలో అయోమయం.

"స్కోరు చూడు తమ్ముడూ!"

పడిపోలేదు. పెరిగింది. అంతా ఇంతా కాదు, లీడర్‌బోర్డులో రెండోవాడు కనుచూపు మేరలో లేడు.

"ఇంతలా పెరగదు" అందావిడ. "ఎగ్జామ్‌లో వెనకబెంచీవాడు ఒక్కసారిగా ఫస్టొస్తే మేం ఏమనుకుంటాం? పేపర్ లీకయిందనుకుంటాం. చూస్తే నేను పెట్టని టేబుల్ ఒకటుంది ఇందులో. ఆస్పత్రుల డిశ్చార్జి రికార్డులు. ఎవరికి ఆపరేషనయింది, ఏ వీధికి అంబులెన్సు వెళ్ళింది… ఇవి పోటీలో ఇవ్వలేదే. నేను లేనప్పుడు ఎవరో ముట్టుకున్నారు. నువ్వక్కడే ఉన్నావు కదా, ఎవరైనా వచ్చారా?"

కునుకుకి ఆవలింత వచ్చింది. మింగేశాడు. మెరుపు ఇచ్చింది మోడల్‌ని చెడగొట్టేది కాదు, గురి కుదిర్చేది. తుంటి ఆపరేషనయిన మనిషిని వీధితో సహా పట్టించేది. మెరుపు తమ మనిషి కాదు. ముఠా చెయ్యలేని పనిని డిపార్ట్‌మెంట్ చేత్తోనే చేయించింది.

అతను కాలర్ దగ్గర నోరు పెట్టి గొణిగాడు. "మేడమ్, మెరుపు వాళ్ళది."

ఇయర్‌పీస్‌లో పెద్దమ్మ గొంతు. "బిల్డింగ్ చుట్టూ మనవాళ్ళని దింపుతున్నాను. లోపలికొచ్చి సభ ఆపితే మాత్రం వాళ్ళు దేశం దాటేస్తారు. రుజువుతో దొరకాలి. మోడల్ సంగతి నువ్వు చూసుకో. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఆ లెక్చరర్‌కి ఏమీ చెప్పొద్దు."

లెక్చరర్ వింతగా చూస్తోంది. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

కునుకు ఇయర్‌పీస్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ముట్టుకున్నది నేనే అక్కా."

ముందు నవ్వింది. అతని ముఖం చూసి నవ్వు ఆపేసింది. అతను నిలబడే అంతా చెప్పాడు. ట్రాక్టర్లు లేవని, తానెవరో, ఫౌండేషన్ ఏమిటో, మంచం మీదున్న ముసలావిడ సంగతి, లిప్‌స్టిక్ సంగతి. ఈ మధ్యాహ్నం మోడల్ చూపించే చోటు నేరుగా కిరాయి హంతకుల ఫోన్‌కి వెళ్తుందని. ఆమె స్టేజీ మీద పాస్‌వర్డ్ కొట్టకపోతే రెండోవాడి మోడల్ నడుపుతారని, అదీ ఆ ఇంటి దరిదాపులకి చేరుస్తుందని. చుట్టూ తమవాళ్ళే ఉన్నారని.

ఆవిడ అన్నీ విన్నది. లెక్చరర్ కదా, వదిలేసిన మెట్టు ఎక్కడుందో వెంటనే పట్టుకుంది.

"ఈవిడ వెనకాల పడుతున్నారని మీకెలా తెలిసింది? ముందు ఇంకెవరో పోయి ఉండాలి."

కునుకు టేబుల్ మీది ఇయర్‌పీస్ వంక చూశాడు.

"ఎవరు పోయారు?"

"ఆవిడ భర్త."

"ఏ మందు వాడేవాడు?"

అబద్ధం చెప్పడం అతని వృత్తి. నాలుక చివర సిద్ధంగానే ఉంది. కానీ వాలిన కనురెప్పల కింద నుంచి ఆవిడ కళ్ళలోకి చూసి ఆ అబద్ధం ఆడలేకపోయాడు. మందు పేరు చెప్పాడు.

లెక్చరర్ కుర్చీలో మెల్లగా కూర్చుంది.

"ఫ్రిజ్‌లో పెట్టేది" అంది, ఎవరికో పాఠం చెబుతున్నట్టు. "దేశం మొత్తం మీద గుప్పెడుమంది. నిరుడు ఎగ్జాంపుల్‌గా నేనే చూపించాను దాన్ని. ఈ మందు ఫలానా షాపులో ఫలానా వారం అడుగుతారు, చూడండి అన్నాను. చప్పట్లు కొట్టారు." తన అరచేతుల వంక చూసుకుంది. "నేనూ కొట్టాను."

"మీకు తెలియదు కదక్కా—"

"బయటికి పో."

"ఒక్కమాట. స్టేజీ మీద—"

"పొమ్మన్నానా!"

* * *

మధ్యాహ్నం హాలు కిక్కిరిసిపోయింది. ముందు వరసలో ఫౌండేషన్ డైరెక్టర్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మెరుపు మైకులో లెక్చరర్ పేరు పిలిచింది. చప్పట్లు మోగాయి.

కునుకు నడిమి వరస చివరి సీటులో ఉన్నాడు. ఆమె ఏం చేస్తుందో అతనికి తెలియదు. ఏం చేసినా తప్పుపట్టే హక్కు తనకు లేదని మాత్రం తెలుసు.

లెక్చరర్ స్టేజీ మెషీన్ ముందు నిలబడింది. స్లైడ్స్ వెయ్యలేదు. అమ్మ గురించి రెండు వాక్యాలు చెప్పింది. మూడో వాక్యం మధ్యలోనే వదిలేసింది. "ఫైనల్ అప్‌డేట్ ఒకటుంది, క్షమించాలి" అని తల వంచుకుని ఏదో టైప్ చేసింది. పాస్‌వర్డ్ కొట్టింది. పెద్ద స్క్రీన్ మీద మ్యాప్ తెరుచుకుంది. కింద నీలం బార్ పాకడం మొదలెట్టింది. దేశం, రాష్ట్రం, నగరం… మ్యాప్ దగ్గరకి, ఇంకా దగ్గరకి వస్తోంది. డైరెక్టర్ కాలు మీది కాలు తీశాడు.

ఎర్రచుక్క పడింది.

హాలంతా గొల్లున నవ్వింది. చుక్క పడింది సదస్సు హాలు మీదే. వాళ్ళందరూ కూర్చున్న బిల్డింగ్ మీద.

"దేశంలో అతి అరుదైన మందు ఇక్కడ కావాలన్నమాట!" అని ఎవరో అరిచారు. మళ్ళీ నవ్వులు. లెక్చరర్ నవ్వలేదు. తలెత్తి కునుకు ఉన్న వైపు ఒక్కసారి చూసింది. అతనికి అప్పుడు అర్థమైంది. చుట్టూ మావాళ్ళే ఉన్నారని తనే చెప్పాడు. హంతకులను ఆమె ఇక్కడికే పిలిపించింది. ఆ పిలుపు కోసం రెండేళ్ళ పరువును అందరి ముందూ నవ్వులపాలు చేసుకుంది.

హంతకులు దూరంలో లేరు. ఫోన్ ఎటు పొమ్మంటే అటుపోయే కిరాయిమనుషులు. కాసేపటికి ఇద్దరు హెల్మెట్లతో రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గరకొచ్చి ఒక ముసలావిడ కోసం అడిగారు. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ బ్యాడ్జీలు అడిగింది. వాళ్ళు జేబుల్లో చేతులు పెట్టేలోపే, వెనక క్యూలో బుద్ధిగా నిలబడ్డ పెద్దమ్మ మనుషులు ఆ చేతులు వెనక్కి విరిచారు.

లోపల మెరుపు అప్పటికే స్టేజీ ఎక్కింది. చిరునవ్వు చెక్కుచెదరలేదు.

"చిన్న టెక్నికల్ ప్రాబ్లమ్. మేడమ్ టెన్షన్‌లో ఉన్నట్టున్నారు. అప్‌డేట్‌కి ముందున్న వెర్షన్ మెషీన్‌లో భద్రంగా ఉంది. అది రన్ చేద్దాం." లెక్చరర్‌కి ఆనుకుని నిలబడింది. పోడియం వెనక ఆమె కుడిచెయ్యి కనిపించడం లేదు. లెక్చరర్ ముఖం కాగితంలా పాలిపోయింది.

ముఠాకి ఉన్నది ఈ ఇద్దరు హంతకులే కాదు. అసలు అడ్రసు ఒక్కసారి గాల్లోకి వెళితే ఇంకో ఇద్దరు బయల్దేరతారు. మంచం మీదున్న మనిషి ఎక్కడికి పోతుంది?

లెక్చరర్ పాస్‌వర్డ్ కొట్టింది. నీలం బార్ మళ్ళీ పాకింది.

కునుకు తన పక్కన నిలబడ్డ వాలంటీరు చేతిలోంచి మైకు లాక్కుని లేచాడు.

"నమస్కారమండి. నాది ప్రశ్న కాదు, ఒక చిన్న కామెంట్."

హాలంతా మూలిగింది. ప్రతి సదస్సులోనూ ఇలాంటివాడు ఒకడుంటాడని అక్కడ అందరికీ తెలుసు. అందుకే అతను మాట్లాడుతూ మెట్లవైపు నడుస్తుంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"మాది ట్రాక్టర్ పార్ట్స్ అండి. మేం కూడా ఇలాంటి మోడల్ ఒకటి చేశాం. మా అనుభవంలో ఏం తేలిందంటే, దాన్ని మూడు కోణాల్లో చూడాలి…"

"ప్రశ్నలు చివర్లో సార్" అంది మెరుపు. గొంతులో మొదటిసారి తొణుకు.

"అయిపోవచ్చిందండి, రెండో కోణం ఏమిటంటే…" అతను మెట్లెక్కాడు. మ్యాప్ వీధుల దాకా వచ్చేసింది. బార్ చివరికొచ్చింది. ఆవలింత వచ్చింది, నోరంతా తెరిచి ఆవలించాడు. ఆ నిద్రముఖం చూసి మెరుపు ఒక్క లిప్త ఏమరింది. అతను మైకుతోనే ఆమె మణికట్టు మీద కొట్టాడు. స్పీకర్లన్నీ పిడుగు పడ్డట్టు దద్దరిల్లాయి. చిన్న పిస్టల్ స్టేజీ మీద జారిపోయింది.

లెక్చరర్ చెయ్యి చాచి పవర్ వైరు పీకేసింది. పెద్ద స్క్రీన్ మీద ఎర్రచుక్క పుట్టబోతూనే ఆరిపోయింది.

డైరెక్టర్ పక్క తలుపు వైపు పరిగెత్తాడు. అక్కడ పెద్దమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

* * *

హాలు ఖాళీ అయింది. వాలంటీర్లు కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు. లెక్చరర్ స్టేజీ మెట్ల మీద కూర్చుని ఉంది. కునుకు ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"ముసలావిడ క్షేమం" అన్నాడు. "మీవల్లే."

"ఆయన కూడా నావల్లే."

అతను మెట్ల మీద పడి ఉన్న మైకు తీసి పక్కన పెట్టాడు.

"నా మోడల్ ఏమవుతుంది?"

"సీల్ చేస్తారు. సాక్ష్యం కదా. షాపుల్లో ఉన్న పాతదీ తీయించేస్తారు."

"అంటే మా అమ్మలాంటివాళ్ళకి మళ్ళీ పాతకథే." ఆవిడ బ్యాడ్జీ మెడలోంచి తీసి చేతికి చుట్టుకుంది. "ఒకటి చెప్పు. నన్ను అక్కా అని పిలిచావు. అదీ డ్యూటీయేనా?"

"మొదటి రోజు డ్యూటీయే."

"తర్వాత?"

"తర్వాత కూడా డ్యూటీ చేస్తూనే ఉన్నాను. అదే నా తప్పు."

ఆవిడ చేతికి చుట్టిన బ్యాడ్జీ తాడు విప్పి మళ్ళీ చుట్టింది.

"నిన్ను తిట్టాలనుంది. నిన్ను తిడితే నా వాటా తగ్గిపోతుందేమోనని భయంగా ఉంది."

"పాపం నాదక్కా. మీదేం లేదు."

"పంచుకోవడానికి అదేమైనా ఆస్తా?" అని లేచింది. ఫోన్ మోగుతోంది. స్క్రీన్ మీద కూతురి పేరు. గొంతు సవరించుకుని, బలవంతాన ఉత్సాహం తెచ్చుకుని, "లేదే, ఈసారి గెలవలేదు… తప్పు జవాబొచ్చింది… నవ్వారు, నవ్వనీ" అంటూ గాజు తలుపుల వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. కునుకు పిలవలేదు. ఏమని పిలవాలో తెలియలేదు.

పెద్దమ్మ వచ్చి అతని పక్కన నిలబడింది. "చెప్పొద్దన్న మాట చెప్పావు. సస్పెండ్ చెయ్యాలి నిన్ను. చెప్పబట్టే బయటపడ్డాం. అందుకని మెడల్ ఇవ్వాలి. ఏది కావాలి?"

"ఇంటికి పోతాను మేడమ్."

మర్నాడు సదస్సు నిర్వాహకుల నుంచి ఫీడ్‌బ్యాక్ మెయిల్ వచ్చింది. ఈ సదస్సులో ఏర్పడిన పరిచయాలు మీకు ఎంతవరకు ఉపయోగపడ్డాయి అని అడిగారు. కునుకు కాసేపు ఆలోచించి 'ఊహించినదానికంటే ఎక్కువగా' అన్నదానిమీద నొక్కాడు. వచ్చే ఏడు మీతోపాటు ఒక స్నేహితుణ్ణి కూడా తీసుకొస్తారా అని తర్వాతి ప్రశ్న.

తనతో పరిచయమైన మనిషికి ఏమవుతుందో స్వయంగా చూసినవాడు కనక, 'లేదు' అని నొక్కి పంపేశాడు.